పాఠం దాటేయమంటున్నారు, ఏం చేయను?

ప్రశ్న: నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. పోయిన వారం జీవపరిణామం పాఠం మొదలుపెట్టాను. రెండో రోజే ఒక అబ్బాయి లేచి, "టీచర్, ఇదంతా అబద్ధమని మా ఇంట్లో చెప్పారు. పరీక్షలో రాస్తే నాకు పాపం తగులుతుందా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నాకేం చెప్పాలో తోచలేదు. మర్నాడు వాళ్ల నాన్నగారు హెడ్మాస్టర్‌గారికి ఫోన్ చేశారు. సోమవారం వచ్చి కలుస్తారట. "ఆ పాఠం ఇంట్లో చదువుకోమని చెప్పేయమ్మా, ఎందుకొచ్చిన గొడవ" అని హెడ్మాస్టర్‌గారంటున్నారు. తోటి టీచర్ ఒకాయన "మనుషుల సంగతి వదిలేసి మిగతాది చెప్పు" అన్నారు. ఇంకొకావిడ "ఇదంతా మన పురాణాల్లో ఎప్పుడో ఉంది, ఆ మాట చెప్పి ఒప్పించు" అన్నారు. అసలు చిక్కేమిటంటే నేనూ దేవుణ్ణి నమ్మే మనిషినే. మనిషి పుట్టుక గురించిన భాగం మంగళవారం చెప్పాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

టీచర్ గారూ,

మీ ఉత్తరంలో పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు గాని, నేను ముందు ఆ అబ్బాయి గురించి మాట్లాడతాను. ఇంట్లో చెప్పిందాన్నీ బడిలో చెప్పిందాన్నీ రెండింటినీ మనసుకు పట్టించుకున్న పిల్లవాడే అలాంటి ప్రశ్న అడుగుతాడు. పాఠం అక్కర్లేనివాడైతే బట్టీ పట్టి రాసేసి చేతులు దులుపుకునేవాడు. అంత ధైర్యం చేసి అడిగినందుకు వాడికి దక్కింది నవ్వులు. వాళ్ల నాన్నగారు వచ్చేలోపే వాణ్ణి పిలిచి, పక్కన ఎవరూ లేకుండా నాలుగు మాటలు చెప్పండి. "పరీక్షలో నువ్వు రాసేది ప్రమాణం కాదు. శాస్త్రవేత్తలు ఏం చెప్తున్నారో, ఏ ఆధారం చూసి చెప్తున్నారో నీకు అర్థమైందా అని చూడటానికే ఆ ప్రశ్న. నువ్వు ఏం నమ్ముతావన్న దానికి నేను మార్కులు వేయను, తీయను" అనండి. ఆ తర్వాత క్లాసులో, వాడి పేరెత్తకుండా, ఇలాంటి ప్రశ్నకు నవ్వడం మీ క్లాసులో కుదరదని అందరికీ చెప్పండి.

వాడికి ఇచ్చిన మాట ప్రశ్నపత్రంలోనూ నిలవాలి. "మనిషి ఎలా పుట్టాడు?" అని అడగకండి. "మనిషికీ చింపాంజీకీ ఉమ్మడి పూర్వీకులున్నారని చెప్పడానికి శాస్త్రవేత్తలు చూపే ఆధారాలేవి?" అని అడగండి. రెండో ప్రశ్నకు ఎంత భక్తి ఉన్న పిల్లైనా మనసు చంపుకోకుండా జవాబు రాయగలదు. నిజానికి ఇదే కష్టమైన ప్రశ్న కూడా.

ఇక హెడ్మాస్టర్‌గారి సలహా. ఆయన చెడ్డవారేమీ కాదు, గొడవంటే గిట్టని మనిషి. అయితే ఈ పాఠానికి నిషేధాల వల్ల జరిగిన నష్టం కంటే "ఎందుకొచ్చిన గొడవ" అనుకోవడం వల్ల జరిగిన నష్టమే ఎక్కువ. 1925లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, డేటన్ అనే చిన్న ఊళ్లో, పరిణామం చెప్పకూడదన్న అక్కడి చట్టాన్ని మీరాడని జాన్ స్కోప్స్ అనే కుర్ర టీచర్‌ను కోర్టుకు లాగి 100 డాలర్ల జరిమానా వేశారు. రెండేళ్లకు పైకోర్టు ఆ తీర్పును సాంకేతిక కారణంతో కొట్టేసింది. ఆ కోర్టు వాదనలు ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు గాని, అసలు దెబ్బ తర్వాత పడింది. పుస్తకాలు అచ్చేసేవాళ్లు ఏ ఊళ్లో ఎవరికి కోపం వస్తుందోనని పరిణామం గురించిన పేజీలు తగ్గించుకుంటూ పోయారు. చాలాచోట్ల వాళ్లకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. దాదాపు ఒక తరం పిల్లలు ఆ పాఠం సరిగ్గా చదవకుండానే బడి దాటారు. 1957లో రష్యావాళ్లు స్పుత్నిక్‌ను అంతరిక్షంలోకి పంపాక, మన పిల్లలు సైన్సులో వెనకబడ్డారని అమెరికాకు కంగారు పుట్టింది. 1960లలో కొత్త బయాలజీ పుస్తకాలు రాయిస్తే అప్పుడు పరిణామం మళ్లీ తిరిగొచ్చింది. ఆ టెనెసీ చట్టం మాత్రం 1967 దాకా రద్దు కాకుండా అలాగే ఉంది.

ఇప్పుడు మాత్రం ఏం మారింది? 2011లో బెర్క్‌మన్, ప్లట్జర్ అనే ఇద్దరు పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక సర్వే ఫలితాలు వేశారు. అమెరికా హైస్కూళ్లలో బయాలజీ చెప్పే 900 మందికి పైగా టీచర్లను అడిగితే, పరిణామాన్ని సూటిగా, ఆధారాలతో చెప్పేవాళ్లు 28 శాతం. దైవసృష్టిని సైన్సుగా చెప్పేవాళ్లు 13 శాతం. మిగిలిన సుమారు 60 శాతం మంది అటూ ఇటూ కాకుండా గబగబా దాటేసేవాళ్లు. చదవగానే నాకు కోపం వచ్చింది ఆ 13 శాతం మంది మీద కాదు. వాళ్లకైనా ఒక అభిప్రాయం ఉంది. "పరీక్షకు వస్తుంది కాబట్టి చదవండి, నమ్మక్కర్లేదు" అని కన్నుగీటి చెప్పే టీచర్ పిల్లలకు నేర్పేది వేరే పాఠం. సైన్సంటే పరీక్ష కోసం చెప్పే అబద్ధమని పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. (ఆ అబ్బాయికి మీరు చెప్పబోయేది ఇది కాదని గమనించండి. "నమ్మక్కర్లేదు, రాసెయ్" అనడం వేరు, "ముందు అర్థం చేసుకో, నమ్మకం నీ ఇష్టం" అనడం వేరు.)

తీసేయడానికి కారణాలెప్పుడూ పెద్దమనిషి తరహాలోనే ఉంటాయి. 2017లో టర్కీ ఈ భాగాన్ని హైస్కూల్ పాఠాల్లోంచి తీసేసింది, పిల్లల స్థాయికి మించిందని చెప్పింది. భారతదేశంలో 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి తీసేసింది. కరోనా తర్వాత పిల్లల మీద బరువు తగ్గించడానికంది. పై తరగతుల్లో ఉంది కదా అని కూడా అంది. పదో తరగతి తర్వాత బయాలజీ తీసుకోని పిల్లలకు జన్మలో ఈ పాఠం తగలదు. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు బహిరంగ లేఖ రాసింది అందుకే.

హెడ్మాస్టర్‌గారితో మాత్రం చరిత్ర మాట్లాడకండి, విసుక్కుంటారు. సిలబస్ కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి. పాఠం పుస్తకంలో ఉంది, పరీక్షలో వస్తుంది, వదిలేస్తే రేపు ఇంకో తండ్రి వచ్చి ఎందుకు చెప్పలేదని అడగొచ్చు. ఆయనకు అర్థమయ్యే భాష ఇది. వీలైతే మిగతా సైన్సు టీచర్లను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. 2004లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో డోవర్ అనే చోట స్కూల్ బోర్డు ఒక ప్రకటన రాసి, పరిణామం మొదలుపెట్టే ముందు క్లాసులో చదవమంది. డార్విన్ చెప్పింది అనుమానాస్పదమనీ, ఎవరో తెలివైన కర్త జీవుల్ని రూపొందించాడనే వాదన కూడా ఉందనీ దాని సారాంశం. సైన్సు టీచర్లు "మేం చదవం" అన్నారు, ఆ మాట కాగితం మీద రాసిచ్చారు. చివరికి అధికారులే వచ్చి చదివి వెళ్లారు. తల్లిదండ్రులు కొందరు కేసు వేస్తే, 2005 డిసెంబర్‌లో జడ్జి జాన్ జోన్స్ బోర్డుదే తప్పని తీర్పిచ్చారు. ఆయన నాస్తికుడూ కాదు, వామపక్షమూ కాదు, జార్జ్ బుష్ నియమించిన రిపబ్లికన్. ఆ టీచర్లలో ఒక్కరే ఒంటరిగా ఎదురు తిరిగి ఉంటే ఉద్యోగానికే ముప్పు వచ్చేదేమో. అందరూ కలిసి సంతకం చేశారు కాబట్టి నిలబడ్డారు.

"మనుషుల్ని వదిలేసి మిగతాది చెప్పు" అన్న మీ తోటి టీచర్ సలహాను డార్విన్ స్వయంగా పాటించి చూశాడు. 1859లో వేసిన పుస్తకంలో పావురాల నుంచి నత్తగుల్లల దాకా అన్నీ రాసి, మనిషి దగ్గరకొచ్చేసరికి ఇక ముందు ఆ విషయం మీదా వెలుగు పడుతుందని ఒక్క వాక్యంతో సరిపెట్టాడు. లాభం లేకపోయింది. చదివిన ప్రతివాడూ నేరుగా కోతి దగ్గరికే వెళ్లాడు. 1871లో మనిషి గురించి వేరే పుస్తకం రాయక తప్పలేదు. మీ పిల్లలూ అంతే. మీరు చెప్పకపోతే ఆ ఖాళీని ఫోన్లో దొరికే వీడియోలు నింపుతాయి.

అయితే మనిషితో మొదలుపెట్టకండి. కంటి ముందు జరిగినవాటితో మొదలుపెట్టండి. గాలాపగోస్ దీవుల్లో డాఫ్నే మేజర్ అనే చిన్న దీవి మీద పీటర్ గ్రాంట్, రోజ్‌మరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఏటా ఫించ్ పిట్టల్ని పట్టుకుని, ముక్కులు కొలిచి వదిలేసేవారు. 1977లో వాన పడలేదు. మెత్తని చిన్న గింజలు అయిపోయి, గట్టి పెద్ద గింజలు మిగిలాయి. చిన్న ముక్కు పిట్టలు చాలావరకు చచ్చిపోయాయి, పెద్ద ముక్కువి ఎక్కువగా బతికాయి. ముక్కు సైజు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది కాబట్టి తర్వాతి తరం పిట్టల ముక్కులు సగటున పెద్దవయ్యాయి. ఏ పిట్టా కష్టపడి ముక్కు పెంచుకోలేదు. ఇక్కడ ఒక పావుగంట ఆగండి. జిరాఫీ మెడ సాచీ సాచీ పొడుగు చేసుకుందన్న భ్రమ పిల్లల్లో ఎంత గట్టిగా ఉంటుందో మీకు తెలుసు. ప్రకృతి వరణం, అంటే పరిస్థితులకు తగినవే ఎక్కువగా బతికి పిల్లల్ని కనడం, అర్థమయ్యేది, కాకపోయేది ఇక్కడే. దేవుడి గురించిన గొడవ కంటే ఈ భ్రమే నిజంగా పెద్ద అడ్డంకి అని నా అభిప్రాయం.

తర్వాత బాక్టీరియా. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూనే హెచ్చరించాడు, మందు చాలీచాలకుండా వాడితే దానికి లొంగని క్రిములు తయారవుతాయని. కొన్నేళ్లలోనే ఆసుపత్రుల్లో అలాంటివి కనబడ్డాయి. రిచర్డ్ లెన్‌స్కీ అనే శాస్త్రవేత్త 1988లో ఒకే రకం ఈ.కోలి బాక్టీరియాను 12 సీసాల్లో వేసి పెంచడం మొదలుపెట్టాడు. 30 వేల తరాలు దాటాక ఒక్క సీసాలోవి మాత్రం, గాలి ఉన్నచోట మామూలుగా ఈ.కోలి తినలేని సిట్రేట్ అనే పదార్థాన్ని తినడం నేర్చాయి. యాంటీబయాటిక్ మందులు ఇష్టమొచ్చినట్టు ఎందుకు వాడకూడదో, పురుగుమందులు కొన్నాళ్లకు ఎందుకు పనిచేయవో పిల్లలకు ఇక్కడే బోధపడుతుంది. ఏ ఇంట్లోనూ దీనికి అభ్యంతరం చెప్పరు. ఆ తర్వాత మనిషి దగ్గరికి రండి. చెప్పే పద్ధతి అదే, జీవి మాత్రం మారింది.

మనిషి భాగంలో ముందుగా గోడ మీద బొమ్మ ఉంటే తీసేయండి. వంగిన కోతి క్రమంగా నిటారై మనిషిగా నడిచిపోయే బొమ్మ సంగతి చెప్తున్నాను. అది తప్పు బొమ్మ, సగం గొడవలకు అదే మూలం. దాన్ని చూసిన పిల్లలు "కోతి నుంచి మనిషొస్తే ఇంకా కోతులెందుకున్నాయి?" అని అడిగి తీరుతారు. మీ తాతగారికి మీరూ మనవలే, మీ పెదనాన్నగారి పిల్లలూ మనవలే. మీరు పుట్టారని వాళ్లు మాయమైపోరు కదా అని చెప్పండి. మనిషికీ చింపాంజీకీ ఉమ్మడి పూర్వీకులు సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందట ఉండేవారు. ఇప్పటి కోతి ఏదీ మన తాత కాదు. ఆధారం అడిగితే క్రోమోజోములు, అంటే కణంలో జన్యువుల్ని మోసే పోగులు, చూపించండి. చింపాంజీకి 24 జతలు, మనకు 23. ఒక జత ఎక్కడికి పోయింది? మన రెండో క్రోమోజోమ్ మధ్యలో, మామూలుగా చివరల్లో మాత్రమే ఉండే డీఎన్ఏ వరసలు ఎదురెదురుగా అతుక్కుని కనిపిస్తాయి. రెండో సెంట్రోమియర్ (క్రోమోజోమ్ నడుము దగ్గరి ముడి) తాలూకు శిథిలం కూడా ఉంది. రెండు పాత క్రోమోజోములు కలిసి ఒకటైన గుర్తులవి. లెక్కలు ఇష్టపడే పిల్లలకు ఇది భలే నచ్చుతుంది.

"ఇది సిద్ధాంతమే కదా" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాదించకండి, టిక్‌టాలిక్ అనే శిలాజం కథ చెప్పండి. చేపలు సుమారు 38 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో ఉన్నాయి, కాళ్లున్న జంతువులు 36 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో ఉన్నాయి. పరిణామం నిజమైతే రెంటికీ మధ్యది ఈ మధ్య కాలపు రాళ్లలో ఉండాలి. నీల్ షూబిన్ బృందం ఆ వయసు రాళ్లు పైకి తేలిన చోటు మ్యాపులో వెతికి, ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని కెనడా దీవులకు వెళ్లింది. కొన్నేళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చి, చివరికి 2004లో ఎల్స్‌మియర్ దీవిలో పట్టుకుంది. దానికి చేప పొలుసులు, రెక్కలున్నాయి. ఆ రెక్కల లోపల మణికట్టులాంటి ఎముకలున్నాయి, తల తిప్పడానికి మెడ కూడా ఉంది. వయసు సుమారు 37.5 కోట్ల ఏళ్లు. ఊరికే ఊహించిన మాటైతే ఏ రాతిలో తవ్వాలో ముందే చెప్పగలిగేదా?

పురాణాల మాట చెప్పి ఒప్పించమన్న ఆవిడకు మీ మీద అభిమానమే గాని, ఆ దారిన వెళ్లొద్దు. మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం, వామనుడు అని వరస చెప్తే వినడానికి బాగానే ఉంటుంది. ఇంకో మతంవాళ్లు సృష్టికి పట్టిన ఆరు రోజుల్ని ఆరు యుగాలుగా లెక్కగట్టి సరిపెడతారు. కానీ అవతారాల్లో దేవుడు ఒక పని కోసం కావాలని దిగి వస్తాడు. పరిణామానికి గమ్యం లేదు, మెట్లు లేవు, చేప కంటే తాబేలు గొప్ప కాదు. ఈ రెండింటినీ ఒకే గాటన కడితే పిల్లలు సైన్సునూ తప్పుగా నేర్చుకుంటారు, భక్తుడికి ఆ కథలో ఉన్న అర్థమూ పోతుంది. పైగా ఒకరి గ్రంథాన్ని క్లాసులోకి తెచ్చాక మిగతావాళ్ల గ్రంథాలకు తలుపు ఎలా మూస్తారు?

మీరు దేవుణ్ణి నమ్ముతారు. దాన్ని చిక్కు అన్నారు. నాకైతే ఆ క్లాసులో మీ చేతిలో ఉన్న పెద్ద బలం అదే అనిపిస్తోంది. పరిణామం వెలుగులో తప్ప జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసిన జన్యుశాస్త్రవేత్త థియోడోసియస్ డాబ్‌జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు. ఆయన ఆ మాట రాసింది బయాలజీ టీచర్ల పత్రికలోనే. మానవ జన్యుపటం ప్రాజెక్టును నడిపించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ గట్టి విశ్వాసి. పరిణామాన్ని ఉత్త ఊహగా కొట్టేయలేమని పోప్ రెండో జాన్ పాల్ 1996లో అన్నారు. పిల్లలు మిమ్మల్ని "మీరు నమ్ముతారా టీచర్?" అని అడిగితే దాచాల్సిన పని లేదు. "నేను దేవుడికి దండం పెట్టుకుంటాను, ఈ పాఠమూ చెప్తాను" అని ఒక్క ముక్క చెప్పి పాఠంలోకి వచ్చేయండి.

అలాగని సైన్సుకీ మతానికీ అసలు తగువే లేదని మాత్రం చెప్పకండి, అది నిజం కాదు. దేవుడున్నాడా అన్న ప్రశ్నకు సైన్సు దగ్గర జవాబు లేదు. భూమి వయసు ఆరువేల ఏళ్లని ఎవరైనా అంటే మాత్రం ఉంది. సుమారు 454 కోట్ల ఏళ్లు. జీవులన్నీ దేనికది విడివిడిగా, ఇప్పుడున్నట్టే పుట్టాయని అంటే దానికీ ఉంది. ఇలాంటి చోట మెత్తబడి "అదీ కరెక్టే, ఇదీ కరెక్టే" అనకండి. పిల్లలు పసిగట్టేస్తారు.

సోమవారం ఆ అబ్బాయి నాన్నగారితో హెడ్మాస్టర్‌గారి గదిలో నలుగురి ముందు కాకుండా, వీలైతే మీ క్లాసురూములో మాట్లాడండి. ముందు ఆయన్ని మాట్లాడనివ్వండి. చాలామంది తండ్రుల భయం డార్విన్ గురించి కాదు. బిడ్డ చెయ్యి జారిపోతాడని, రేపు నన్నూ నా దేవుణ్ణీ చూసి నవ్వుతాడని. మనిషి జంతువని చెప్తే జంతువులా తయారవుతాడనే భయం కూడా ఉంటుంది. దాన్ని కొట్టిపారేయకండి. బలవంతుడిదే రాజ్యమని డార్విన్ పేరు చెప్పి జాతి గొప్పలు చాటినవాళ్లు, బలహీనులు పిల్లల్ని కనకూడదన్నవాళ్లు నిజంగానే ఉన్నారు. ప్రకృతిలో ఏం జరిగిందో చెప్పడం మనం ఏం చేయాలో చెప్పడం కాదని, అసలు ఇదే పాఠం మనుషులందరిదీ ఒకే వంశమని కూడా చెప్తుందని ఆయనకు వివరించండి. పుస్తకం తెరిచి ఆ పేజీలు చూపించండి, చాలామంది అది చదవకుండానే వస్తారు. మీ అబ్బాయి నమ్మకం గురించి క్లాసులో అడగను, ఎగతాళి చేయనివ్వను, దాని మీద మార్కులు తగ్గించను అని మాటివ్వండి. ఇంట్లో మీరు ఏం చెప్పుకున్నా అది మీ హక్కని కూడా అనండి. "మరి వాణ్ణి ఆ పీరియడ్‌కు బయట కూర్చోబెట్టండి" అంటే మాత్రం కుదరదని మర్యాదగా చెప్పండి. ఒకరిని బయటికి పంపితే వాడు క్లాసులో వేలెత్తి చూపించుకునే పిల్లాడైపోతాడు, పాఠం పోవడం కంటే వాడికి అదే పెద్ద బాధ.

ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. గంటసేపు మాట్లాడి, కాఫీ తాగి, "నాకు మాత్రం నచ్చలేదమ్మా" అని లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి. మీరు అడిగేది ఆయన ఒప్పుకోలు కాదు. మాట్లాడుకున్నది నాలుగు వాక్యాల్లో రాసి, తేదీ వేసి హెడ్మాస్టర్‌గారికి ఒక కాపీ ఇచ్చి, మంగళవారం పాఠం చెప్పండి.